మగ్గం గుంట దగ్గర మొదలయ్యే పరిశోధన

అపోహ: పరిశోధన పీహెచ్‌డీ వాళ్ల పని. బీఏ పిల్లలకెందుకు?

వాస్తవం: యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన నాలుగేళ్ల డిగ్రీ విధానంలో ఆ దారి ఉంది. తొలి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన మార్కులు వచ్చినవారు నాలుగో ఏడాది ‘ఆనర్స్ విత్ రిసెర్చ్’లో చేరి 12 క్రెడిట్ల ప్రాజెక్టు చేయవచ్చు. చరిత్ర, తెలుగు చదివేవారికీ ఇదే నిబంధన. అంతవరకు ఆగనక్కర్లేదు కూడా. తెలంగాణ ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో ‘జిజ్ఞాస’ పేరిట విద్యార్థుల అధ్యయన ప్రాజెక్టులకు పోటీలు పెడుతున్నారు.

అపోహ: ఆర్ట్స్‌లో ల్యాబ్ ఉండదు, చేసి నేర్చుకునేది ఏమీ ఉండదు.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే మాట ఇదే. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. ఆ మాటలను పాత నిఘంటువుల్లోంచి ఏరలేదు. ఊళ్లకు వెళ్లి, రైతులనూ నేతగాళ్లనూ అడిగి రాసుకున్నారు. ఈ రోజు పోచంపల్లిలోనో మంగళగిరిలోనో ఉన్న విద్యార్థి ఆ పని కొనసాగించవచ్చు. పడుగు, పేక, నాడె, అచ్చు... తాత నోట్లో ఆడే మాటల్లో మనవడికి ఇంకా ఎన్ని తెలుసు? ఏవి పోయాయి? వాటి చోటికి ఏవి వచ్చాయి? ఇవి నిజమైన పరిశోధన ప్రశ్నలు.

తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న మహిళలతో మాట్లాడి ‘స్త్రీశక్తి సంఘటన’ అనే మహిళా బృందం 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకం కూడా ఇలా మనుషుల దగ్గర కూర్చుని విన్నదే. వినడానికీ పద్ధతి ఉంది. ముందు అనుమతి అడగాలి. ఫోన్‌లో రికార్డు చేసి, ఊరు, తేదీ, చెప్పినవారి వయసు రాసుకోవాలి. వాళ్ల యాసను పుస్తక భాషలోకి దిద్దకూడదు. గంట మాటలను కాగితం మీద పెట్టడానికి చాలా గంటలు పడుతుంది. ఆ ఓపికే ఇక్కడి ల్యాబ్ శిక్షణ.

అపోహ: అంతా నెట్‌లో దొరుకుతుంది.

వాస్తవం: హైదరాబాద్ తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొఘలుల నాటి ఫార్సీ పత్రాలున్నాయి. అలాంటివీ, మీ ఊరి గుడి ముందరి శాసనం, మీ అమ్మమ్మ పాడే దంపుళ్ల పాట కూడా ఎవరో ఒకరు ఎక్కిస్తేనే నెట్‌లోకి వస్తాయి. ఆ ఒకరు మీరే కావచ్చు.

అపోహ: తెలుగులో రాస్తే పరిశోధనగా చెల్లదు.

వాస్తవం: బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపద గేయాలపై డాక్టరేటు చేశారు. ఆ పనిని ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’గా తెలుగులోనే అందించారు. తెలుగులో రాయడంలో ఇంకో మేలుంది. ప్రాజెక్టు పూర్తయ్యాక ఒక ప్రతి మీకు ఆ మాటలు చెప్పిన నేతగాడి ఇంట్లోనూ ఇవ్వవచ్చు. నాడె గురించి తప్పు రాసి ఉంటే ముందుగా పట్టుకునేది ఆయనే.