ఏంటెన్నా గెయిన్ అనగానేమి?

1999 అక్టోబరు 29న ఒడిశా తీరమును పెనుతుపాను తాకి టెలిఫోనులు మూగవోయినప్పుడు, హామ్ రేడియో సేవకులు తమ చిన్న యంత్రములతో వార్తలు చేరవేసిరి. బ్యాటరీపై పనిచేయు అల్పశక్తి యంత్రము దూరమునకు వినబడవలెనన్న ఏంటెన్నా మంచిది కావలయును. దాని గుణమును దెలుపు మాట 'గెయిన్', అనగా లబ్ధి. ఈ మాట విని, ఏంటెన్నా శక్తిని పెంచునని పలువురు భ్రమింతురు.

ఏంటెన్నా శక్తిని పుట్టింపదు. 10 వాట్లు అందించినచో అంతకు మించి వెలువడదు. నీరు కట్టు రైతు తక్కిన మడవలను మూసి ఒక్క మడి వైపు మడవ తెరచినచో ఆ మడికి నీరు మెండుగా పారును. కాలువలో నీరు పెరుగలేదు. పారు దిక్కు మాత్రమే మారినది. గెయిన్ తత్త్వమిదియే.

దీనిని కొలుచుటకు, అన్ని దిక్కులకు సమముగా శక్తిని వెదజల్లు ఒక ఏంటెన్నాను ప్రమాణముగా ఊహింతురు. దానితో పోల్చి చెప్పు కొలత డీ.బీ.ఐ. 3 డెసిబెళ్లన్న రెండింతలు, 6 అన్న నాలుగింతలు, 10 అన్న పదింతలు. సామాన్యమైన అర్ధతరంగ డైపోల్‌కు, దాని కడ్డీకి లంబమైన దిశలో, 2.15 డీ.బీ.ఐ. గెయిన్ కలదు. కొందరు డైపోల్‌నే ప్రమాణముగా గొందురు. ఆ కొలత డీ.బీ.డీ. కావున 6 డీ.బీ.డీ., 8.15 డీ.బీ.ఐ. ఒక్కటియే. కొనువారు అంకెను మాత్రమే చూడక, దేనితో పోల్చిరో అడుగవలయును.

1926లో జపానులో ఉదా, యాగీ అను శాస్త్రజ్ఞులు వెలువరించిన ఏంటెన్నా మనకు క్రొత్త గాదు. ఒకప్పుడు దూరదర్శన్ కొరకు ఇంటికప్పులపై నిలిపినది ఆ జాతిదే. వెనుక రిఫ్లెక్టర్, నడుమ డైపోల్, ముందు డైరెక్టర్ గల మూడు కడ్డీల యాగీకి సుమారు 7 డీ.బీ.ఐ., అనగా అయిదింతలు, గెయిన్ వచ్చును. 10 వాట్ల యంత్రము ఆ ఒక్క దిక్కున, అన్ని వైపులకు సమముగా ప్రసరించు 50 వాట్ల యంత్రము వలె వినబడును. అటునుండి వచ్చు సన్నని పిలుపును గూడ ఆ మేరకే మిన్నగా గ్రహించును.

అయితే ప్రక్కలను, వెనుకను ఆ మేరకు నష్టమే. ఆపదలోనున్నవారు ఏ దిక్కునుండి పిలుతురో తెలియనప్పుడు, చుట్టును వినగల నిలువు ఏంటెన్నాయే మేలు. శిబిరమెచ్చటనో తెలిసినప్పుడు యాగీ మేలు. కేబులు నాసిరకమైనదై 3 డెసిబెళ్లు హరించినచో, సగము శక్తి దారిలోనే వ్యర్థమగును.

1983లో హైదరాబాదున స్థాపితమైన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఈ విద్యకై కృషి చేసినది. కేంద్ర ప్రభుత్వ పరీక్షయందు ఉత్తీర్ణులై లైసెన్సు పొందినవారే ప్రసారము చేయదగుదురు. తుపానుల తీరమున నివసించు మన యువతీయువకులు ఆపత్కాలము రాకమునుపే దీనిని అభ్యసింతురుగాక.