మిక్కీతో టిఫిన్: కట్టే డబ్బు దేనికి?

ఫ్లోరిడాలో ఓర్లాండో పక్కనున్న వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు పిల్లలతో వెళ్లేవాళ్లు ఖర్చులు లెక్కేసుకునేటప్పుడు ఒక పద్దు దగ్గర ఆగిపోతారు. దాని పేరు క్యారెక్టర్ డైనింగ్. మనం తింటూ ఉంటే మిక్కీ, గూఫీ, సిండరెల్లా లాంటి వేషగాళ్లు మన టేబుల్ దగ్గరికే వస్తారు. పిల్లల్ని దగ్గరకు తీసుకుంటారు, ఫొటో దిగుతారు, ఆటోగ్రాఫ్ పుస్తకంలో సంతకం పెడతారు. పెళ్లి భోజనాల్లో ఇంటి పెద్ద ప్రతి వరుసకూ వచ్చి “అన్నీ అందాయా” అని పలకరించినట్టు ఉంటుంది. బిల్లు మాత్రం మనదే.

ఆ బిల్లు తక్కువేమీ కాదు. ఉదయపు టిఫినే పెద్దలకు 50 డాలర్లకు అటూ ఇటూ ఉంటుంది. సిండరెల్లా కోటలో అయితే రాత్రి భోజనం 80 దాటుతుంది. 3 నుంచి 9 ఏళ్ల వరకు పిల్లల ధర. పదేళ్లు నిండితే పెద్దల లెక్కే, ఎంత తక్కువ తిన్నా సరే. దీనిపైన అక్కడి 6.5 శాతం పన్ను, దానిపైన 18 శాతమో 20 శాతమో టిప్పు. బఫేలో మనమే వడ్డించుకున్నా టిప్పు తప్పదు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు ఒక పూట టిఫిన్ చేస్తే 200 డాలర్లు తేలిగ్గా దాటుతుంది.

గుడ్లకూ వాఫుల్స్‌కూ ఇంత డబ్బా అనిపించడం సహజం. నిజానికి ఇది తిండి ఖరీదు కాదు, క్యూ ఖరీదు. పార్కులో ఒక్కో క్యారెక్టర్‌ను కలవాలంటే ఒక్కో వరుసలో నిలబడాలి. రద్దీ రోజుల్లో పిల్లాణ్ణి ఎత్తుకుని అలా నాలుగుసార్లు నిలబడితే సగం రోజు అక్కడే పోతుంది. అదే యానిమల్ కింగ్‌డమ్ పార్కులోని టస్కర్ హౌస్ రెస్టారెంట్లో కూర్చుంటే మిక్కీ, డోనాల్డ్, డెయిజీ, గూఫీ సఫారీ బట్టల్లో మన దగ్గరికే వస్తారు. కాబట్టి మీ పిల్లలకు ఆ బొమ్మల మీద నిజంగా మోజు ఉంటే బేరం గిట్టుబాటే. రైడ్లంటేనే ప్రాణం పెట్టే పన్నెండేళ్ల వాడికి మాత్రం దండగ.

మరీ పసివాళ్ల సంగతి వేరు. మూడేళ్ల లోపు వాళ్లకు డబ్బు తీసుకోరు, కానీ ఏడుపులు ఎక్కువగా వినిపించేది వాళ్లున్న టేబుళ్ల దగ్గరే. మాస్కు వేసుకున్న పాత్రలు మాట్లాడవు. టీవీలో గలగలా మాట్లాడే మిక్కీ మనిషంత ఎత్తున, కదలని మొహంతో, నోరు విప్పకుండా మీదికి వస్తే పిల్లలు హడలిపోరూ? సిండరెల్లా లాంటి రాకుమార్తెలు మామూలు మొహాలతోనే ఉంటారు, కబుర్లూ చెబుతారు. భయపడే పిల్లలకు వాళ్లే నయం. ఎప్కాట్ పార్కులో నార్వే విభాగంలోని ఆకర్స్‌హూస్ రెస్టారెంట్ అందుకు పేరుపడ్డ చోటు. ఫొటో కోసం బిడ్డను బలవంతంగా ముందుకు తొయ్యకండి. దూరం నుంచి చెయ్యి ఊపించినా చాలు.

వేషగాళ్లు హాలంతా టేబుల్ వెంట టేబుల్ తిరుగుతారు. మన వంతు వచ్చేసరికి అందరం ప్లేట్లు పట్టుకుని బఫే దగ్గరుంటే దాటి వెళ్లిపోవచ్చు. ఒకరు టేబుల్ దగ్గర ఉండాలి. తప్పిపోతే సర్వర్‌కు చెప్పండి. ఆటోగ్రాఫ్ కోసం లావుపాటి పెన్ను తీసుకెళ్లండి. ఆ పెద్ద గ్లవ్స్‌తో సన్న పెన్ను పట్టుకోవడం కష్టం.

చోటు ఎంచుకునేటప్పుడు చాలామంది కోట వైపే చూస్తారు. కోటలోని సిండరెల్లా రాయల్ టేబుల్ రెస్టారెంట్ మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు లోపల ఉంది కాబట్టి భోజనం డబ్బుతో పాటు పార్కు టికెట్ కూడా ఉండాలి. నేనైతే షెఫ్ మిక్కీస్‌కే ఓటేస్తాను. అది కాంటెంపరరీ హోటల్లో ఉంది, పార్కు టికెట్ అక్కర్లేదు. మోనోరైలు ఆ హోటల్ కడుపులోంచే దూసుకుపోతుంది. పిల్లలకు అదో తమాషా. టికెట్ లేని రోజున, అంటే ఊళ్లో దిగిన రోజో విశ్రాంతి రోజో, ఇలాంటి హోటల్ భోజనం పెట్టుకుంటే పార్కులో గడిపే సమయం తగ్గదు.

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. డిస్నీ హోటల్లో దిగేవాళ్లు, దిగే రోజుకు 60 రోజుల ముందే తాము ఉండబోయే రోజులన్నిటికీ (పది రోజుల దాకా) కలిపి బుక్ చేసుకోవచ్చు. చెప్పకుండా మానేస్తే తలకు 10 డాలర్ల చొప్పున కార్డు మీద పడుతుంది.

జూన్, జూలైల్లో పిల్లల దగ్గరికి అమెరికా వచ్చే మన అమ్మానాన్నలను వెంట తీసుకెళ్తే ఈ ఖర్చుకు ఇంకో లాభం ఉంది. ఫ్లోరిడా ఎండకూ, మధ్యాహ్నం ఉరుములతో దిగే వానకూ దూరంగా ఏసీలో గంటకు పైగా కూర్చోవచ్చు. శాకాహారులైతే బుక్ చేసేటప్పుడే ఆ సంగతి రాసి, కూర్చోగానే సర్వర్‌కు మళ్లీ చెప్పండి. గుడ్డు కూడా తినమన్న మాట విడిగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు చెల్లుతుందనే అనుకుంటారు.