పిజ్జా పాట కుర్రాళ్లలో ఒకడు మనోడే!

పాటలో కథ ఇంతే. ఇద్దరు ఫ్రెండ్స్ ఒకరి కోసం ఒకరు వెతుక్కుంటుంటారు. ఒకడు పిజ్జా హట్‌లో ఉన్నానంటాడు. రెండోవాడు టాకో బెల్‌లో ఉన్నానంటాడు. తీరా చూస్తే రెండూ ఒకే కప్పు కింద ఉన్న ఒకే షాపు! పాటంతా దాదాపు ఇవే మాటలు, అటు తిప్పీ ఇటు తిప్పీ.

2008లో వచ్చిన ‘కాంబినేషన్ పిజ్జా హట్ అండ్ టాకో బెల్’ ఇది. బ్రూక్లిన్ ర్యాప్ గ్రూప్ ‘దాస్ రేసిస్ట్’కి పేరు తెచ్చిన తొలి పాట. ఇంటర్నెట్‌లో తెగ తిరిగింది. కొందరు ‘ఇదీ ఒక పాటేనా’ అన్నారు. ఇంకొందరు కంపెనీల కాలం మీద మంచి సెటైర్ అన్నారు. అప్పట్లో ఆ రెండు బ్రాండ్లకూ ఓనరు నిజంగానే ఒకటే మరి!

ఇంతకీ ఎవరీ కుర్రాళ్లు? పంజాబీ కుటుంబం నుంచి వచ్చిన హిమాంశు సూరి, అంటే హీమ్స్. ఆఫ్రో క్యూబన్, ఇటాలియన్ మూలాలున్న విక్టర్ వాజ్‌క్వెజ్. మూడోవాడు అశోక్ కొండబోలు. అవును, తెలుగు కుటుంబంలో పుట్టినవాడే. స్టేజీ పేరు డాప్‌వెల్. హీమ్స్, విక్టర్ ర్యాప్ చేస్తుంటే పక్కనుండి జనానికి ఊపు తెచ్చే హైప్‌మ్యాన్. కమెడియన్ హరి కొండబోలు ఇతని అన్నయ్యే.

హీమ్స్, అశోక్ చదివిన స్టైవెసంట్ హైస్కూల్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌కి కూతవేటు దూరంలోనే ఉంటుంది. 2001 దాడుల తర్వాత ఆ ఊళ్లో మన రంగు కుర్రాళ్లని చూసే చూపే మారిపోయింది. గ్రూప్ పేరు కూడా ‘దట్స్ రేసిస్ట్’ అనే మాటను వెటకారంగా పలికిందే. అంటే వీళ్ల నవ్వు వెనక మంట ఉంది. కానీ పిజ్జా పాట విన్న చాలామందికి నవ్వు ఒక్కటే వినిపించింది. ‘జోక్ బ్యాండ్’ అని ముద్ర వేసేశారు.

ఆ ముద్ర ఎలా ఉంటుందో నాకు కొంచెం తెలుసు. మాది మాడుగుల. ఊరి పేరు చెప్తే చాలు, ‘ఓ, హల్వానా! తెచ్చావా?’ అంటారు. హల్వా మాకు గర్వమే, కాదనను. కానీ మాట అక్కడితో అయిపోతుంది. ఊళ్లో ఇంకేటుందని ఎవరూ అడగరు.

దాస్ రేసిస్ట్ మాత్రం అడిగేదాకా ఆగలేదు. 2010లో ‘షటప్, డ్యూడ్’, ‘సిట్ డౌన్, మ్యాన్’ అని రెండు మిక్స్‌టేప్‌లు ఫ్రీగా నెట్‌లో పెట్టేశారు. జోకులు అలాగే ఉన్నాయి. వాటి మధ్యలోనే రంగు, జాతి, డబ్బు గురించిన మాటలు సూదుల్లా దిగాయి. అప్పటిదాకా నవ్వి వదిలేసినవాళ్లు మళ్లీ వెనక్కొచ్చి విన్నారు. 2011లో ‘రిలాక్స్’ ఆల్బమ్ వచ్చింది. 2012లో గ్రూప్ విడిపోయింది.

తర్వాత హీమ్స్ బ్రిటిష్ పాకిస్తానీ నటుడు రిజ్ అహ్మద్‌తో ‘స్వెట్ షాప్ బాయ్స్’ కట్టాడు. 2016లో ‘కాష్మియర్’ ఆల్బమ్ తెచ్చారు. అశోక్ అన్నయ్యతో కలిసి పాడ్‌కాస్ట్ చేశాడు. 2017లో హరి రాసిన ‘ద ప్రాబ్లమ్ విత్ అపూ’ డాక్యుమెంటరీ, కార్టూన్‌లో మనవాళ్లని ఎలా చూపిస్తున్నారో నిలదీసింది.

పిజ్జా పాట వినండి, హాయిగా నవ్వుకోండి. కానీ అక్కడితో ఆపేయకండి. ఆ వెంటనే ‘సిట్ డౌన్, మ్యాన్’ పెట్టండి. నవ్వించినోడు ఇంకేటి చెప్పాలనుకున్నాడో అప్పుడు తెలుస్తుంది.