రామగుండంలో వేడి లెక్క

ద్విగత చర్య సమతాస్థితికి చేరాక పదార్థాల మోతాదులు మారవు. చర్య ఆగిపోయిందని కాదు. ముందుకూ వెనక్కూ ఒకే వేగంతో సాగుతోందని అర్థం. అప్పుడు వేడి పెంచితే చర్య వేడిని పీల్చుకునే వైపుకు మొగ్గుతుంది, తగ్గిస్తే వేడిని విడిచే వైపుకు. 1884లో ఫ్రెంచి శాస్త్రవేత్త లీ షాట్లియర్ చెప్పిన సూత్రం ఇదే. పీడనం, గాఢత మారినా సమతాస్థితి కదులుతుంది గానీ, సమతాస్థితి స్థిరాంకం విలువనే మార్చేది ఉష్ణోగ్రత ఒక్కటే.

తెలంగాణలో ఈ సూత్రం రాత్రింబవళ్ళు పనిచేసే చోటు రామగుండం ఎరువుల కర్మాగారం. బొగ్గుతో నడిచిన పాత కర్మాగారం 1999లో మూతపడింది. అదే ఊళ్ళో సహజవాయువు ఆధారంగా కట్టిన కొత్తది 2021లో ఉత్పత్తి ప్రారంభించింది. రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా దాని సామర్థ్యం.

ఇలాంటి కర్మాగారంలో మొదటి పని మీథేన్, నీటి ఆవిరి నుంచి హైడ్రోజన్ రాబట్టడం. ఇది మోల్‌కు 206 కిలోజౌళ్ళ వేడిని మింగే ఉష్ణగ్రాహక చర్య కనుక, కొలిమి గొట్టాలను 800 డిగ్రీల సెల్సియస్ దాకా కాలుస్తారు. ఆ వెంటనే, ఈ చర్యలో హైడ్రోజన్‌తో పాటు వచ్చిన కార్బన్ మోనాక్సైడ్‌ను ఆవిరితో కలిపి మరికొంత హైడ్రోజన్ తీస్తారు. ఇది వేడిని విడిచే చర్య. అందుకే ముందు ఎక్కువ వేడిలో వేగంగా జరిపించి, తర్వాత 200 డిగ్రీల దగ్గరికి దించి మిగిలినదాన్ని పూర్తి చేస్తారు.

అసలు చిక్కు అమ్మోనియా దగ్గర. ఒక నైట్రోజన్ అణువు మూడు హైడ్రోజన్ అణువులతో కలిసే ఈ చర్యలో మోల్ నైట్రోజన్‌కు 92 కిలోజౌళ్ళ వేడి వెలువడుతుంది. 200 అట్మాస్ఫియర్ల పీడనం వద్ద సమతాస్థితిలో అమ్మోనియా వాటా 200 డిగ్రీల్లో సుమారు 86 శాతం. 400 డిగ్రీల్లో అది 36 శాతానికి, 500 డిగ్రీల్లో 18 శాతానికి పడిపోతుంది. మరి చల్లగానే ఎందుకు జరపరు? నైట్రోజన్‌లోని త్రిబంధం గట్టిది. తక్కువ వేడిలో అది తెగడానికి పట్టే కాలం ఏ కర్మాగారమూ భరించలేనిది. ఇనుప ఉత్ప్రేరకం వేగాన్ని పెంచుతుంది తప్ప సమతాస్థితిని ఇసుమంతైనా కదపదు. విద్యార్థులు తరచూ పొరబడేది ఇక్కడే.

కాబట్టి 400 - 500 డిగ్రీల మధ్య రాజీ పడతారు. చర్య విడిచే వేడికి ఉత్ప్రేరకపు పొరే కాగి దిగుబడి తగ్గుతుంది గనుక, పొరకూ పొరకూ మధ్య వాయువును చల్లబరుస్తారు. ఒక్కసారి సాగిన వాయువులో అమ్మోనియాగా మారేది కొద్ది భాగమే. దాన్ని ద్రవంగా వేరుచేసి, మిగిలిన నైట్రోజన్, హైడ్రోజన్‌లను మళ్ళీ అవే ఉత్ప్రేరకపు పొరల గుండా పంపుతారు.