వార్తల్లో పదం: ప్రాదేశిక పరిధి

ఏ కేసును ఏ ప్రాంతపు కోర్టు విచారించాలో తేల్చేదే ప్రాదేశిక పరిధి. వరంగల్ వాసి కారును నాగపూర్ దగ్గర లారీ గుద్దితే, పరిహారం కోసం మహారాష్ట్ర కోర్టుల చుట్టూ తిరగక్కర్లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 166(2) సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగిన చోటే కాదు, బాధితుడు నివసించే చోటా, ప్రతివాది ఉండే చోటా ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. వాహన నష్టానికీ ఇదే వర్తిస్తుంది.

ఎక్కడో ఉన్న లారీ యజమానిని వరంగల్‌కు రప్పించడం అన్యాయం కాదా అనొచ్చు. కానీ థర్డ్ పార్టీ బీమా ఉంటే సాధారణంగా చెల్లించేది బీమా కంపెనీయే. దానికి ఊరూరా శాఖలుంటాయి. 2016లో మాలతీ సర్దార్ కేసులో సుప్రీంకోర్టు, బీమా సంస్థ కార్యాలయమున్న చోట వేసిన పిటిషన్‌నూ సమర్థించింది. సాక్షులు దూరమవుతారన్నది మాత్రం నిజం. అందుకే ప్రమాదం జరిగిన చోటి ఎఫ్‌ఐఆర్, పంచనామా నకళ్లు, రిపేరు బిల్లులు ముందే సంపాదించుకోండి. పిటిషన్ వేయడానికి చట్టం చెప్పే గడువు ఆరు నెలలే.