పదకొండు పూసల వైరస్

ఈసారి నేను వాంతులు, విరేచనాల గురించి రాస్తున్నాను. ముక్కు మూసుకొని అయినా సరే చదవండి!

వాన పడిందంటే మన ఊళ్లలో చంటిపిల్లలకు ముందు వచ్చేది ఇదే. ముసలివాళ్లు గత్తర అంటారు. కొందరు పళ్లు వస్తున్నాయి, అందుకే అంటారు. కానీ చంటిపిల్లల ప్రాణం మీదికి తెచ్చే విరేచనాలకు ఒక పెద్ద కారణము రోటా వైరస్. దీనిని 1973లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో రూత్ బిషప్ అనే ఆమె, తోటి శాస్త్రవేత్తలు కనుగొన్నారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో బండి చక్రం లాగా కనబడుతుంది. లాటిన్ భాషలో రోటా అంటే చక్రమే. 2013 ఒక్క సంవత్సరంలోనే ప్రపంచం మొత్తం మీద ఐదేళ్లలోపు పిల్లలు సుమారు 2,15,000 మంది దీనివలన చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో సుమారు 47,000 మంది మన దేశం పిల్లలే.

ఇదంతా నాకు ఎలా తెలుసు అంటారా? మా పెద్దనాన్న కొడుకు ఉస్మానియా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాడు. దసరా సెలవుల్లో నన్ను తీసుకుపోయి నాలుగు రోజులు ఉంచుకున్నాడు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చోబెట్టి, మా అక్క పెళ్లికి మిగిలిన పూసలు రెండు రంగులవి జేబులోంచి తీసి పాఠం చెప్పాడు. (ఆ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైనది. ఎండాకాలంలో కూడా లోపల చల్లగా ఉంటుందట!)

"తమ్మీ, రోటా వైరస్ జన్యువులు ఒకే దారంలా ఉండవు. పదకొండు ముక్కలుగా ఉంటయ్" అన్నాడు. ఎర్ర పూసలు పదకొండు ఒక వరుస, తెల్ల పూసలు పదకొండు ఒక వరుస పెట్టాడు. ఒకే పిల్లవాడి పేగులోకి రెండు రకాల వైరస్‌లు ఒకేసారి పోయినాయి అనుకుందాం. లోపల రెండింటి ముక్కలు కలగలిసి, కొత్త వైరస్ తయారయ్యేటప్పుడు కొన్ని ఎర్రవి, కొన్ని తెల్లవి రావచ్చును. ఒక్కో చోట ఎరుపో తెలుపో, రెండే దారులు. పదకొండు చోట్లకు రెండును పదకొండుసార్లు గుణిస్తే ఎంత? 2048! లెక్కల సారు ఇచ్చే లెక్కలు ఇక్కడ కూడా వచ్చినాయి. అన్నీ బతికి బట్టకట్టవు, కానీ కొన్ని బతుకుతాయి.

ఈ పదకొండులో రెండు ముక్కలు వైరస్ పై చొక్కాను తయారు చేస్తాయి. వాటిని బట్టే పేర్లు పెట్టినారు. ఒకటి జీ నంబరు, ఇంకొకటి పీ నంబరు. జీ1పీ8, జీ2పీ4 ఇలాగన్నమాట. బస్సు నంబర్ల లాగా ఉన్నాయి కదూ!

రకము తెలుసుకునే పాత పద్ధతి నాకు బాగా నచ్చింది. పిల్లవాడి విరేచనం నుండి వైరస్ జన్యువులను తీసి, జెల్ అనే మెత్తని పలకలో పోసి కరెంటు పెడతారు. చిన్న ముక్కలు ముందుకు పరుగెత్తుతాయి, పెద్దవి వెనకబడతాయి. రంగు వేస్తే పదకొండు గీతలు కనబడతాయి. గీతలున్న చోటు మారితే, వచ్చిన వైరస్ వేరేది అన్నమాట. ఇప్పుడు యంత్రాలు జన్యువును అక్షరం అక్షరంగా చదివేస్తున్నాయి.

ఇలా చూడటం వల్ల లాభమేమి? మన టీకా కథ వినండి. 1985-86లో ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రిలో పసిగుడ్లకు రోటా వైరస్ సోకింది, కానీ విరేచనాలు కాలేదు! పైగా తర్వాత వారికి గట్టి జబ్బు రాకుండా కాపాడింది. డాక్టరు ఎం.కె. భాన్ గారి బృందం ఆ వైరస్‌ను పట్టుకున్నది. పేరు 116ఇ. దాని పూసలు చూస్తే ఒకటి పశువుల వైరస్ నుండి వచ్చినది! అనగా మనిషి వైరస్, పశువు వైరస్ ఎక్కడో కలిశాయి. దానితోనే హైదరాబాదులోని భారత్ బయోటెక్ వారు రోటావాక్ చుక్కలు తయారు చేశారు. 6,799 మంది పిల్లలతో జరిపిన పరీక్షలో, మొదటి ఏడాది గట్టి జబ్బును సగానికి పైగా తగ్గించినది. 2016లో ప్రభుత్వ టీకాలలో రోటా టీకా చేరినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. 6, 10, 14 వారాలకు నోట్లోనే వేస్తారు, సూది లేదు. ఇంటి దగ్గర చంటి తమ్ముడో చెల్లెలో ఉన్నవాళ్లు కార్డు చూసుకోండి.

కానీ వైరస్ ఊరుకోదు. 2005-09 మధ్య దేశంలోని ఆసుపత్రులలో చూసినప్పుడు జీ2పీ4, జీ1పీ8 ఎక్కువ. తర్వాతి ఏళ్లలో జీ3పీ8 పైకి వచ్చినది. రకాలు మారినా టీకా పని చేస్తున్నదా లేదా అని కనిపెట్టుకొని ఉండాలి. ఇక హాస్టలు లాంటి చోట ఒకేసారి చాలామందిని పట్టే నోరో వైరస్ వేరు. దానికి ఈ టీకా పని చేయదు. చేతికి రాసుకునే శానిటైజరు కూడా దాని మీద అంతంత మాత్రమే. సబ్బుతో రుద్ది కడగడమే. విరేచనాలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్టు లీటరు నీళ్లలో కలపడం మీ అందరికీ తెలిసిందే.

మరునాడు తార్నాక చౌరస్తా నుండి ఉప్పల్ వైపు నడిచాం. ఐ.ఐ.సి.టి., తర్వాత సి.సి.ఎం.బి. రెండింటినీ బయటి నుండే చూశాను. 2020లో ఈ రెండు సంస్థల వారు కలిసి హైదరాబాదు మురుగునీటిలో కరోనా వైరస్ ముక్కలు వెతికి, సుమారు 6 లక్షల 60 వేల మందికి సోకి ఉంటుందని లెక్క కట్టారు. ఆసుపత్రికి పోనివాళ్లు కూడా ఆ లెక్కలోకి వచ్చేశారు! పేగులో పెరిగే వైరస్‌లకు ఈ పద్ధతి ఇంకా బాగా పనికొస్తుందని అన్న అన్నాడు.

అప్పుడు నేను అడిగాను: "అన్నా, మన ఊరి పిల్లలకు ఏ రకం వస్తున్నదో ఎవరు చూస్తున్నరు?" అన్న కొంచెంసేపు మాట్లాడలేదు. ఆసుపత్రిలో చేరిన పిల్లలనే కదా చూసేది. వాగు పొంగితే మనవాళ్లు ఆసుపత్రి దాకా పోలేరు. మురుగునీళ్లు చూద్దామంటే మన ఊళ్లో మురుగు కాలువే లేదు. పశువులతో ఒకే కొట్టంలో పడుకునే పిల్లలం మనం. పూసలు కలిసే చోటు మన దగ్గర కూడా ఉండదా?

మూత గట్టిగా ఉన్న శుభ్రమైన సీసా, దాని మీద వయసు, తేదీ, ఐసు పెట్టె ఉంటే చాలు అన్నాడు అన్న. ఊరికి వచ్చాక ఏ.ఎన్.ఎమ్. అక్కను అడిగాను, నీ టీకాల పెట్టెలో పెట్టుకుపోతావా అని. "అయ్యో, టీకాల పెట్టెలో అది పెట్టొద్దు బాబూ. వేరే పెట్టె ఇస్తే తీసుకుపోత" అన్నది.

- 9వ తరగతి విద్యార్థి