కొండవాలు మీద నీరు ఎలా నిలుస్తుంది?

ఐర్లండ్ నైరుతిలో, ఐరిష్ భాష మాట్లాడే మూస్క్రీ ప్రాంతపు అంచున ముల్లఖనిష్ అనే కొండ ఉంది. ఎత్తు 649 మీటర్లే. పైకెక్కితే నేల మెత్తగా దిగబడుతుంది. నీరు పల్లమెరుగు కదా, మరి వాలు మీద ఎందుకు నిలిచింది? వానలు ఎక్కువ కనుక అనవచ్చు. వానొక్కటే కారణమైతే నీరంతా జారిపోవాలి. దాన్ని పట్టి ఉంచేది స్ఫాగ్నం అనే నాచు. పిడికెడు తీసి పిండితే తడిగుడ్డలా నీరు కారుతుంది. తన ఎండు బరువుకు 20 రెట్ల దాకా నీటిని దాచుకోగలదు.

ఆ తడిలోకి గాలి చొరబడదు. చలి, ఆమ్లగుణం కూడా తోడై, చచ్చిన మొక్కలు పూర్తిగా కుళ్లక పీట్ పొరలుగా పేరుకుంటాయి, ఏడాదికి సుమారు 1 మిల్లీమీటరు చొప్పున. ఐరిష్‌లో ‘బొగ్’ అంటే మెత్తన. ఇలాంటి బురదనేలను పిలిచే ఇంగ్లీషు మాట ‘బాగ్’ అందులోంచే వచ్చింది. కాలువ తీసి ఆరబెడితే నష్టమేమిటంటారా? గాలి సోకి పీట్ కుళ్లుతుంది, వేల ఏళ్ల కార్బన్ ఆకాశానికి చేరుతుంది. ఆ బురదను కాపాడుకోవాల్సిందే.